వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ రెయిడ్‌లో ఫ్యూరీ వారియర్: కత్తి ఎంపిక నుంచి ఎగ్జిక్యూట్ దాకా

రెయిడ్‌లో బాస్ (అందరూ కలిసి కొట్టే పెద్ద శత్రువు) పడిపోయాక డ్యామేజ్ మీటర్ (ఎవరు ఎంత దెబ్బ కొట్టారో చూపే పట్టిక) తెరిచి, మన పేరు అట్టడుగున కనిపిస్తే "నాకు మంచి కత్తి పడలేదు" అనేయడం తేలిక. చాలాసార్లు తప్పు కత్తిది కాదు. రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టిన వారియర్‌కి హిట్ గేర్ (దెబ్బ గురి తప్పడాన్ని తగ్గించే సామాను) ఏమీ లేకపోతే, బాస్ మీద వాటంతట అవే పడే దెబ్బల్లో నాలుగింట మూడు వంతులు తగలకుండానో, జారుగా తగులుతూనో పోతాయి. దానికి తోడు రెండు నిమిషాల పోరాటంలో మన ముఖ్యమైన దెబ్బ బ్లడ్‌థర్‌స్ట్‌ని నాలుగైదు సార్లు నొక్కకుండా జారవిడుస్తాం. ఈ రెండూ సరిచేసుకున్నాకే కొత్త కత్తి గురించి ఆలోచించాలి.

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు నుంచి రాత్రిళ్లు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ రెయిడ్‌కి కూర్చునే తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. ఆట 2019 ఆగస్టులో మళ్లీ విడుదలైన పాత రూపం. అంటే 60వ లెవెల్, 40 మంది రెయిడ్. తీసుకున్నది రెండు కత్తులతో కొట్టే ఫ్యూరీ వారియర్ ఒక్కడినే. రోగ్‌కి కత్తి లెక్కలు చాలావరకు ఇవే పనికొస్తాయి. మంత్రాలతో కొట్టే మేజ్‌కి ఇందులో పెద్దగా ఏమీ లేదు.

ముందు స్కిల్, తర్వాత కత్తి

రెయిడ్ బాస్‌ని ఆట 63వ లెవెల్‌గా లెక్కవేస్తుంది. అంటే దాని డిఫెన్స్ 315. మీ వెపన్ స్కిల్, అంటే ఆ రకం ఆయుధం మీద మీ నేర్పు, 60వ లెవెల్లో గరిష్ఠంగా 300. ఈ 15 తేడాయే మీ దెబ్బను తినేస్తుంది.

తెల్ల దెబ్బ, అంటే మీరు ఏమీ నొక్కకుండా కత్తి తనంతట తాను వేసేది, ఒకే ఒక్క పాచికతో తేలుతుంది. సున్నా నుంచి 100 దాకా ఒక గీత అనుకోండి. మొదట మిస్ తన వాటా తీసుకుంటుంది, తర్వాత డాడ్జ్ (బాస్ తప్పుకోవడం), ఆ తర్వాత గ్లాన్సింగ్ అనే జారుడు దెబ్బ, దాని తర్వాత క్రిట్ అనే రెట్టింపు దెబ్బ. మిగిలిన కాస్తా మామూలు దెబ్బ. గ్లాన్సింగ్ వాటా బాస్ మీద ఎప్పుడూ 40. ఏ గేర్ వేసినా అది తగ్గదు. తగ్గేది దాని నష్టం. స్కిల్ 300 దగ్గర జారుడు దెబ్బ సగటున అసలు దెబ్బలో 65 శాతమే తగులుతుంది. 305 దగ్గర 85 శాతం. 308 దగ్గర 95, అక్కడితో ఆగిపోతుంది.

అంకెల్లో చూద్దాం. క్రిట్ 25 శాతం, హిట్ గేర్ సున్నా, నిలబడింది బాస్ వెనక. స్కిల్ 300 అయితే మిస్ 27, డాడ్జ్ 6.5, గ్లాన్సింగ్ 40, క్రిట్ 25, మామూలు దెబ్బ 1.5. వంద దెబ్బలకు వచ్చే విలువ: గ్లాన్సింగ్ నుంచి 26, క్రిట్ రెట్టింపు కాబట్టి 50, మామూలు నుంచి 1.5. మొత్తం 77.5. ఇప్పుడు స్కిల్ 305 చేయండి. మిస్ 25, డాడ్జ్ 6, గ్లాన్సింగ్ 40 అలాగే ఉంది కానీ విలువ 34, క్రిట్ 50, మామూలు దెబ్బ 4. మొత్తం 88. కత్తి మార్చలేదు, చొక్కా మార్చలేదు, అయిదు పాయింట్ల స్కిల్‌తో తెల్ల దెబ్బ 13 శాతానికి పైగా పెరిగింది. కాబట్టి డీపీఎస్ (సెకనుకి పడే దెబ్బ) 10 శాతం తక్కువున్న కత్తి అయినా, దానితో మీ స్కిల్ 305కి చేరితే అదే పట్టుకోండి.

ఆ అయిదు ఎక్కడ దొరుకుతాయి? హ్యూమన్‌కి కత్తులు, గదల మీద పుట్టుకతోనే 5. ఆర్క్‌కి గొడ్డళ్ల మీద 5. మిగతా జాతుల వాళ్లకు ఎడ్జ్‌మాస్టర్స్ హ్యాండ్‌గార్డ్స్ అనే చేతి తొడుగు ఉంది: గొడ్డలి, బాకు, కత్తి మూడింటి మీదా 7. వేలంలో దాని ధర చూస్తే గుండె ఆగుతుంది గానీ నైట్ ఎల్ఫ్, టారెన్, అన్‌డెడ్ వారియర్లకు అంతకు మించిన కొనుగోలు లేదు. హ్యూమన్ కత్తి పట్టి మళ్లీ ఇది కొంటే మాత్రం డబ్బు దండగ. 312కి పోతాడు, జారుడు దెబ్బ లాభం 308 దగ్గరే ఆగిపోయింది కదా. ఆ డబ్బుతో రెండు నెలల మందులు కొనుక్కోవచ్చు.

బ్లాక్‌వింగ్ లెయిర్ రెయిడ్‌లో బ్రూడ్‌లార్డ్ అనే బాస్ దగ్గర పడే మలదాత్ కత్తికి స్కిల్ 4 ఉంది. దాంతో 304. ఒక్క పాయింటే కదా తక్కువ అనిపిస్తుంది. కానీ డిఫెన్స్‌కీ స్కిల్‌కీ తేడా 10 దాటితే ఆట మిస్ లెక్కని కఠినంగా వేస్తుంది, 305 దగ్గర అది ఒక్కసారిగా తగ్గుతుంది. 304 దగ్గర జారుడు దెబ్బ సగటు 81 శాతం, అది బాగానే ఉంది. హిట్ దగ్గర మాత్రం పూర్తి లాభం రాదు.

హిట్ ఎంత కావాలన్నది కూడా స్కిల్‌తోనే తేలుతుంది. మీరు నొక్కే పసుపు దెబ్బలు (బ్లడ్‌థర్‌స్ట్, వర్ల్‌విండ్ లాంటివి) అసలు మిస్ కాకూడదంటే 305 దగ్గర 6 శాతం హిట్ చాలు. 300 దగ్గర 9 కావాలి. అంతకు మించిన హిట్ వృథా కాదు, తెల్ల దెబ్బలకు పనికొస్తుంది. రెండు కత్తులు పట్టినందుకు వాటి మీద అదనంగా 19 శాతం మిస్ ఉంటుంది కదా. అయినా 6 దాటాక క్రిట్, స్ట్రెంగ్త్ వైపు చూడటమే మంచిది.

మరో పొరపాటు. కొత్త రకం ఆయుధం పడగానే చేతిలో పెట్టుకుని బాస్ ముందుకు వెళ్లిపోవడం. ఇన్నాళ్లూ కత్తి వాడి ఇవాళ గొడ్డలి పట్టారనుకోండి, గొడ్డలి స్కిల్ 300 ఉండదు. ఏ 180 దగ్గరో ఉంటుంది. స్కిల్ విండో తెరిచి చూడండి. తక్కువుంటే రెయిడ్ ముందు రోజు ఏదో ఒక జంతువుని కొడుతూ కూర్చోండి. చివరి పది పాయింట్లు చాలా మెల్లగా ఎక్కుతాయి. ఆ ఆయుధం అసలు నేర్చుకోకపోతే నగరాల్లో వెపన్ మాస్టర్ దగ్గర నేర్చుకోవాలి.

మెయిన్ హ్యాండ్‌లో నెమ్మది కత్తి

కత్తి మీద రాసిన డీపీఎస్ అంకె ఒక్కటే చూసి ఎంచుకుంటే సగం సంగతే చూసినట్టు. వేగం కూడా చూడాలి. వర్ల్‌విండ్ లాంటి తక్షణ దెబ్బల్లో అటాక్ పవర్ వాటాని ఆట అన్ని ఒంటిచేతి కత్తులకూ 2.4 సెకన్లుగా లెక్కిస్తుంది, బాకుకి మాత్రం 1.7. లెక్క ఇది: కత్తి సగటు దెబ్బ, దానికి అటాక్ పవర్‌ని 14తో భాగించి 2.4తో హెచ్చించిన మొత్తం కలపాలి.

రెండు ఊహాత్మక కత్తులు తీసుకుందాం, రెండూ 54 డీపీఎస్. ఒకటి 2.8 వేగం, దాని సగటు దెబ్బ 151. రెండోది 1.8 వేగం, సగటు 97. మీ అటాక్ పవర్ 1400 అయితే మొదటి దానితో వర్ల్‌విండ్ 151, 240 కలిపి 391. రెండో దానితో 337. క్రిట్ పడితే ఆ తేడా రెట్టింపు. బాకు పడితే ఇంకా దిగజారుతుంది, అటాక్ పవర్ వాటా 240 బదులు 170 అయిపోతుంది. ఫ్యూరీ వారియర్ మెయిన్ హ్యాండ్‌లో బాకు పెట్టకూడదనేది ఇందుకే. మరో కారణం హీరోయిక్ స్ట్రైక్, అంటే తర్వాతి తెల్ల దెబ్బ బదులు రేజ్ (దెబ్బలు నొక్కడానికి ఖర్చయ్యే శక్తి) తీసుకుని పడే దెబ్బ. కత్తి వేగంగా ఉంటే హీరోయిక్ స్ట్రైక్ ఎక్కువసార్లు పడుతుంది, రేజ్ అంతే వేగంగా ఖాళీ అవుతుంది, ఒక్కో దెబ్బకి వచ్చేది మాత్రం తక్కువ.

నిజమైన కత్తుల మీద ఇది ఎలా తేలుతుందో చూడండి. అప్పర్ బ్లాక్‌రాక్ స్పైర్‌లో దొరికే డాల్‌రెండ్స్ జతలో సేక్రెడ్ చార్జ్ 2.8 వేగం, ట్రైబల్ గార్డియన్ 1.8 వేగం, రెండూ 41.4 డీపీఎస్. మొదటిది మెయిన్ హ్యాండ్‌కి, రెండోది ఆఫ్ హ్యాండ్‌కి అని ఆటే కట్టడి చేసింది. రెండూ కలిపి పెడితే 50 అటాక్ పవర్. హ్యూమన్ వారియర్ మోల్టెన్ కోర్ రెయిడ్ మొదలుపెట్టడానికి ఈ జత చాలు. ఆ తర్వాత అక్కడి గార్ అనే బాస్ దగ్గర పడే బ్రూటాలిటీ బ్లేడ్ 2.5 వేగం, 51.6 డీపీఎస్. ఒనిక్సియా అనే డ్రాగన్ బాస్ దగ్గర రెండు వస్తువులు: విస్‌కాగ్ కత్తి 2.6 వేగం, 55.2 డీపీఎస్, డెత్‌బ్రింగర్ గొడ్డలి 2.9 వేగం, 56.4 డీపీఎస్. అంకెలు దగ్గర దగ్గరగా ఉన్నా ఆర్క్‌కి డెత్‌బ్రింగర్ పడితే పండగే, స్కిల్ 305. అదే ఆర్క్ విస్‌కాగ్ పట్టుకుంటే 300తో కొడతాడు. హ్యూమన్‌కి సరిగ్గా దీనికి ఎదురు. ఈ రెండు వస్తువుల కోసం గిల్డ్‌లో (మీ ఆటగాళ్ల జట్టులో) కూడబెట్టిన పాయింట్లు ఖర్చుపెట్టే ముందు మీ జాతి గుర్తు తెచ్చుకోండి.

ఆఫ్ హ్యాండ్ దెబ్బ సగమే తగులుతుంది. డ్యూయల్ వీల్డ్ స్పెషలైజేషన్ టాలెంట్ అయిదూ వేస్తే 62.5 శాతానికి వెళ్తుంది. కాబట్టి మంచిది మెయిన్ హ్యాండ్‌కి, రెండోది ఆఫ్ హ్యాండ్‌కి. అక్కడ వేగం గురించి తల బద్దలు కొట్టుకోవక్కర్లేదు. రెండు చేతులకీ క్రూసేడర్ ఎన్‌చాంట్ వేయించండి, పడినప్పుడు 15 సెకన్లపాటు 100 స్ట్రెంగ్త్.

ఆటలోని రెండు పక్షాల్లో (హోర్డ్, ఎలయన్స్) హోర్డ్ వాళ్లకి ఇక్కడ ఒక చిక్కుంది. మీ గ్రూప్‌లో షామన్ (హోర్డ్‌కి టోటెమ్‌లు పాతేవాడు) విండ్‌ఫ్యూరీ టోటెమ్ పెడుతుంటే మెయిన్ హ్యాండ్ కత్తికి నూరే రాయి పెట్టకండి. టోటెమ్ కూడా కత్తి మీద అదే చోట కూర్చుంటుంది, అప్పటికే రాయి ఉంటే ఎక్కదు. ఎలిమెంటల్ షార్పెనింగ్ స్టోన్ 2 శాతం క్రిట్ ఇస్తుంది, దాన్ని ఆఫ్ హ్యాండ్‌కి పెట్టండి. ఎలయన్స్ వాళ్లు రెండు చేతులకీ పెట్టుకోవచ్చు.

కొట్టే వరస

ఫ్యూరీకి నిజానికి వరస అంటూ లేదు, ప్రాధాన్యం ఉంది. బ్లడ్‌థర్‌స్ట్ 30 రేజ్, 6 సెకన్లకోసారి, అటాక్ పవర్‌లో 45 శాతం దెబ్బ. వర్ల్‌విండ్ 25 రేజ్, 10 సెకన్లకోసారి. ఏది నొక్కినా తర్వాత 1.5 సెకను ఆగాలి, అదే గ్లోబల్ కూల్‌డౌన్. హీరోయిక్ స్ట్రైక్‌కి ఈ ఆగడం లేదు. అది మెయిన్ హ్యాండ్ తర్వాతి దెబ్బని మింగి దాని బదులు పడుతుంది.

బాగా నలిగేది ఎక్కడంటే ఈ 6కీ 10కీ పొత్తు కుదరదు. సున్నా సెకనులో బ్లడ్‌థర్‌స్ట్ నొక్కారు, 1.5లో వర్ల్‌విండ్, 6లో మళ్లీ బ్లడ్‌థర్‌స్ట్. 11.5కి వర్ల్‌విండ్ వెలిగింది. 12కి బ్లడ్‌థర్‌స్ట్ వెలుగుతుంది. ఇప్పుడేం చేయాలి? చేయి వర్ల్‌విండ్ మీదకే పోతుంది, వెలిగింది కాబట్టి. నొక్కితే గ్లోబల్ 13 దాకా పట్టేస్తుంది, బ్లడ్‌థర్‌స్ట్ ఒక సెకను వెనక్కి పోతుంది. అర సెకను ఓపిక పట్టి 12లో బ్లడ్‌థర్‌స్ట్ నొక్కితే వర్ల్‌విండ్ 13.5కి పడుతుంది, అంటే రెండు సెకన్లు వెనక. 1400 అటాక్ పవర్ దగ్గర బ్లడ్‌థర్‌స్ట్ 630, ఆరుతో భాగిస్తే సెకనుకి 105. వర్ల్‌విండ్ 391, పదితో భాగిస్తే 39. ఒక సెకను బ్లడ్‌థర్‌స్ట్ పోతే 105 నష్టం, రెండు సెకన్ల వర్ల్‌విండ్ పోతే 78. ఆగడమే లాభం. అటాక్ పవర్ పెరిగేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. బ్లడ్‌థర్‌స్ట్ రావడానికి 1.5 సెకను కన్నా తక్కువ ఉందంటే వేరే ఏదీ ముట్టుకోకూడదు, ఇదే సూత్రం.

రెండూ కూల్‌డౌన్‌లో (మళ్లీ వెలిగేదాకా ఆగే సమయంలో) ఉండి రేజ్ పొంగిపోతుంటే హ్యామ్‌స్ట్రింగ్ వేయండి. పది రేజే. దాని దెబ్బ లెక్కలోది కాదు, క్రిట్ పడితే ఫ్లరీ వస్తుంది, తర్వాతి మూడు దెబ్బలూ 30 శాతం వేగంగా పడతాయి.

హీరోయిక్ స్ట్రైక్ క్యూ

దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఫ్యూరీ వారియర్లలో బాగా ఆడేవాడికీ మామూలుగా ఆడేవాడికీ తేడా ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది.

హీరోయిక్ స్ట్రైక్ పైకి 15 రేజ్. టాలెంట్ మూడూ వేస్తే 12. అసలు ఖర్చు అంతకన్నా ఎక్కువ. అది మింగేసిన తెల్ల దెబ్బ మీకు రేజ్ తెచ్చి ఉండేది. 60వ లెవెల్లో తెల్ల దెబ్బ నుంచి వచ్చే రేజ్ అంటే దెబ్బని 7.5తో హెచ్చించి 230.6తో భాగించడమే. 400 దెబ్బ పడితే దాదాపు 13. అంటే హీరోయిక్ స్ట్రైక్ అసలు ధర టాలెంట్ లేకపోతే 28, ఉంటే 25. దాదాపు ఒక బ్లడ్‌థర్‌స్ట్ ధర! రేజ్ 40 ఉన్నప్పుడు దాన్ని పడనిస్తే, తర్వాత బ్లడ్‌థర్‌స్ట్ వెలిగి రేజ్ లేక ఖాళీగా చూస్తూ ఉంటారు. రాబోయే బ్లడ్‌థర్‌స్ట్, వర్ల్‌విండ్ రెండింటికీ కలిపి 55 కావాలి. అంతకు పైన మిగిలిందే హీరోయిక్ స్ట్రైక్‌ది.

అయినా రేజ్ లేకపోయినా దాన్ని క్యూలో పెట్టి ఉంచమంటారు తెలిసినవాళ్లు. ఎందుకు? హీరోయిక్ స్ట్రైక్ క్యూలో ఉన్నంతసేపూ ఆఫ్ హ్యాండ్ దెబ్బలకి ఆ 19 శాతం అదనపు మిస్ ఉండదు. ఆటలో ఉన్న వింత ఇది, అందరూ వాడుకుంటారు. పద్ధతి ఇలా: మెయిన్ హ్యాండ్ దెబ్బ పడగానే హీరోయిక్ స్ట్రైక్ నొక్కి క్యూలో పెట్టండి. ఆఫ్ హ్యాండ్ దెబ్బ క్యూ ఉండగా పడుతుంది, ఆ అదనపు మిస్ లేకుండా. మెయిన్ హ్యాండ్ తర్వాతి దెబ్బకి 0.3 సెకను ఉందనగా రేజ్ చూడండి. చాలినంత ఉంటే పడనివ్వండి, లేకపోతే క్యూ తీసేయండి. రెండు చేతుల దెబ్బ ఎప్పుడు పడుతుందో చూపే స్వింగ్ టైమర్ యాడాన్ లేకుండా ఇది కుదరదు. టైమర్ గీతని పాత్ర కాళ్ల దగ్గరకి తెచ్చుకోండి, తెర మూలన పెడితే కన్ను అక్కడికీ ఇక్కడికీ తిరగడానికే సరిపోతుంది.

పింగ్ ఎక్కువున్నవాళ్లు 0.3 బదులు 0.4, 0.5 దగ్గరే తీసేయాలి. లేకపోతే మీ తెర మీద తీసినట్టే ఉంటుంది, సర్వర్ దగ్గర అప్పటికే పడిపోయి ఉంటుంది.

కవచం, త్రెట్, నిలబడే చోటు

చాలా బాస్‌లకి కవచం 3731గా లెక్కవేస్తారు. 60వ లెవెల్ వాడి దెబ్బని కవచం తగ్గించేది కవచాన్ని, దానికి 5500 కలిపిన మొత్తంతో భాగించినంత. 3731 అయితే 40 శాతం పోయింది. సండర్ ఆర్మర్ (బాస్ కవచం తగ్గించే వారియర్ దెబ్బ) ఒక్కోటి 450 చొప్పున అయిదు పడితే 2250 తగ్గి, నష్టం 21 శాతానికి దిగుతుంది. మిగతా రెయిడ్ వాళ్లు వేసే మంత్రాల్లో ఫెయిరీ ఫైర్ ఇంకో 505, కర్స్ ఆఫ్ రెక్‌లెస్‌నెస్ 640. అన్నీ పడితే బాస్‌కి మిగిలే కవచం 336, తగ్గేది 6 శాతం లోపే. మొదట్లో 60 తగిలే చోట ఇప్పుడు 94 తగులుతుంది. మీ ఒక్కరి కొత్త కత్తి ఇంత ఇవ్వదు, పైగా ఇది రెయిడ్‌లో కత్తి పట్టిన ప్రతివాడికీ వస్తుంది. కాబట్టి అయిదుగురు వారియర్లుంటే తలో సండర్ మొదటి గ్లోబల్‌లోనే వేసేయండి. ట్యాంక్ (బాస్ దెబ్బలు తన మీదకి తీసుకునేవాడు) ఒక్కడే అయిదూ వేసేదాకా చూస్తే ఏడెనిమిది సెకన్లు పోతాయి. "నా మీటర్ తగ్గుతుంది" అని సండర్ వేయనివాడు తన కాళ్లే నరుక్కుంటున్నాడు.

త్రెట్ (బాస్‌కి ఎవరి మీద ఎంత కోపమో చూపే అంకె) సంగతి: కత్తి దూరంలో ఉన్నవాడు ట్యాంక్ త్రెట్‌లో 110 శాతం దాటితే బాస్ వాడి మీద పడుతుంది, దూరం నుంచి కొట్టేవాడికి 130. వారియర్‌కి త్రెట్ దించుకునే మంత్రం లేదు, చేయి ఆపడమే మందు. 100 దగ్గర హీరోయిక్ స్ట్రైక్ ఆపండి, 105కి అన్నీ ఆపండి. ఎలయన్స్‌లో పాలడిన్ బ్లెస్సింగ్ ఆఫ్ సాల్వేషన్ 30 శాతం త్రెట్ తగ్గిస్తుంది. హోర్డ్‌లో ట్రాంక్విల్ ఎయిర్ టోటెమ్ 20 తగ్గిస్తుంది గానీ అది పెడితే విండ్‌ఫ్యూరీ ఉండదు, రెండూ గాలి టోటెమ్‌లే.

డిస్కార్డ్‌లో అరిచే మాటలు ముందే ఖాయం చేసుకోండి. సరిహద్దు గుంపుల్లో తెలుగు, ఒడియా, హిందీ మూడూ కలిసే నడుస్తాయి, ఎవరికీ అర్థం కాకపోవడం ఉండదు; చిక్కంతా పొడుగు వాక్యాలతోనే. "ఒరే మావా, నీ త్రెట్ ఎక్కువైపోతోంది, కాస్త చూసుకుని కొట్టరా" అనేలోపు రెండు గ్లోబల్‌లు అయిపోతాయి, మావా చచ్చిపోతాడు. పేరు, "రుహ". చాలు. ఒడియాలో ఆగమని. తెలుగులో "ఆగు" అన్నా అంతే పొట్టి, ఏదో ఒకటి పెట్టుకోండి. సండర్ అయిదో గుర్తు పడగానే ఒకడు "అయిదు" అనాలి, అప్పుడే పెద్ద కూల్‌డౌన్‌లు, అంటే డెత్ విష్ లాంటి, చాలాసేపటికోసారే వాడగలిగేవి.

నిలబడాల్సింది బాస్ వెనక. ముందు నిలబడితే మీ దెబ్బల్లో 14 శాతం దాకా ప్యారీ అవుతాయి, అంటే బాస్ తన ఆయుధంతో అడ్డుకుంటుంది. అంతటితో పోదు. ప్యారీ చేసిన బాస్ తన తర్వాతి దెబ్బ త్వరగా వేస్తుంది, అది తినేది ట్యాంక్. ఒనిక్సియా లాంటి డ్రాగన్ దగ్గర సరిగ్గా వెనక్కి పోతే తోక కొట్టి గుడ్ల మీదకి విసిరేస్తుంది. వెనక కాలి పక్కన నిలబడండి, ప్యారీ రాదు, తోకా తగలదు.

కూల్‌డౌన్‌లు, ఎగ్జిక్యూట్

డెత్ విష్ 30 సెకన్లు 20 శాతం ఎక్కువ దెబ్బ, మూడు నిమిషాలకోసారి. పోరాటం ఎంతసేపు సాగుతుందో ముందు తెలిసి ఉండాలి. మూడున్నర నిమిషాలు దాటేది అయితే సండర్‌లు పడగానే ఒకసారి, చివర ఒకసారి. రెండు నిమిషాల్లో పడిపోయే బాస్ మీద మొదట్లో వాడేస్తే ఎగ్జిక్యూట్ వేళకి చేయి ఖాళీ. అలాంటప్పుడు 25 శాతం ప్రాణం దగ్గర నొక్కండి. రెక్‌లెస్‌నెస్ 15 సెకన్లు, పడే దెబ్బల్లో చాలావరకు క్రిట్, అరగంటకోసారి. దాన్ని ఎప్పుడూ ఎగ్జిక్యూట్‌లోనే. మైటీ రేజ్ పోషన్ 45 నుంచి 75 రేజ్ ఇస్తుంది, 20 సెకన్లు 60 స్ట్రెంగ్త్ కూడా. రేజ్ 30 లోపు ఉన్నప్పుడు తాగండి, నిండిన కుండలో పోస్తే ఒలికిపోతుంది.

బాస్ ప్రాణం 20 శాతానికి దిగాక ఎగ్జిక్యూట్ వెలుగుతుంది. 600 దెబ్బ, పైన మిగిలిన ఒక్కో రేజ్‌కి 15. టాలెంట్ రెండూ వేస్తే ధర 10 రేజ్. మరి బ్లడ్‌థర్‌స్ట్ మానేయాలా? 30 రేజ్‌తో పోల్చండి. ఎగ్జిక్యూట్: 10 ధర, 20 మిగులు, 600కి 300 కలిపి 900. బ్లడ్‌థర్‌స్ట్ 900 రావాలంటే అటాక్ పవర్ 2000 ఉండాలి. దాని కింద ఉన్నవాళ్లు ఎగ్జిక్యూటే కొడుతూ పోవాలి. వరల్డ్ బఫ్‌లు (రెయిడ్ ముందు ఊళ్లలో తీసుకునే తాత్కాలిక బలాలు), వారియర్ అరుపులు అన్నీ కలిసి 2000 దాటినవాళ్లు బ్లడ్‌థర్‌స్ట్ వెలిగినప్పుడల్లా అదే ముందు, మధ్యలో ఎగ్జిక్యూట్. అటాక్ పవర్ రెయిడ్ మధ్యలో పాత్ర విండో తెరిచి చూసుకోవాలి, ఊళ్లో నిలబడి చూసిన అంకె పనికిరాదు. ఎగ్జిక్యూట్ దశకి 100 రేజ్ దాచుకుని రావడం ఒక అపోహ. కూల్‌డౌన్‌లు ఆపి దాచిన రేజ్ కన్నా ఆ కూల్‌డౌన్‌లు కొట్టేదే ఎక్కువ.

లైను, కరెంటు, పింగ్

ఈ ఆటకి భారత్‌లో సర్వర్ లేదు. యూరప్ సర్వర్‌లో రాత్రి 8కి రెయిడ్ అంటే మనకి చలికాలంలో 12:30, వాళ్లు గడియారం ముందుకు జరిపాక ఎండాకాలంలో 11:30. సిడ్నీ సర్వర్‌లో రాత్రి 7:30 అంటే ఇక్కడ మధ్యాహ్నం 2, లేదా 3. ఉద్యోగం, చదువు చూసుకుని గిల్డ్ ఎంచుకోండి. పింగ్ కోసం మాత్రమే సర్వర్ మారి, రెయిడ్ మొదలయ్యే వేళకి క్లాసులో కూర్చుంటే ఏం లాభం.

పింగ్ ఎంతో గేమ్ మెనూ బటన్ మీద మౌస్ పెడితే కనిపిస్తుంది. హోమ్, వరల్డ్ అని రెండు అంకెలు, చూడాల్సింది వరల్డ్. గ్లోబల్ కూల్‌డౌన్ పూర్తికాకముందే తర్వాతి బటన్ నొక్కితే ఆట దాన్ని పట్టి ఉంచి, సమయానికి వేస్తుంది. ఈ స్పెల్ క్యూ విండో మామూలుగా 400 మిల్లీసెకన్లు. మీ పింగ్‌కి 100 కలిపినంత ఉంటే సరి. పింగ్ 180 అయితే 280 చాలు. మరీ తగ్గిస్తే ప్రతి దెబ్బకీ మధ్య ఖాళీ పడుతుంది, మరీ పెంచితే పొరపాటున నొక్కింది కూడా పడిపోతుంది. ఊరికే ఒకే బటన్‌ని టకటకా కొడుతూ ఉండటం మానేసి, గ్లోబల్ చివర్లో రెండుసార్లు నొక్కడం అలవాటు చేసుకోండి.

వైశాఖంలో సాయంత్రం కాలబైశాఖి గాలి లేచిందంటే రాత్రికి లైను నిలబడుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, రూటర్‌కి ఉండదు. ముందు పోయేది అదే. రూటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టండి, అడాప్టర్ మీద రాసిన వోల్టు, ఆంపియర్ రెండూ చూసి కొనండి. ఫోన్ హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్‌లో ముందే గుర్తుంచి పెట్టండి. బాస్ మధ్యలో లైను పడిపోతే మళ్లీ లాగిన్ అయ్యేలోపు ఒక నిమిషం పోయినా, డెత్ విష్ ఇంకా మిగిలే ఉంటుంది.

గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో 40 మంది మంత్రాలు ఒకేసారి పేలితే తెర ఆగుతుంది. నీడలు పూర్తిగా తగ్గించండి, స్పెల్ డెన్సిటీ తగ్గించండి, ఎప్పటివో వీక్ ఆరాస్ యాడాన్ దిగుమతులు తీసేయండి. స్వింగ్ టైమర్, త్రెట్ మీటర్, కూల్‌డౌన్ గుర్తులు ఉంటే ఫ్యూరీకి పని నడిచిపోతుంది.

లాగ్ చదవడం

సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ కంబాట్ లాగింగ్ పెట్టి, రెయిడ్ అయ్యాక ఫైలుని వార్‌క్రాఫ్ట్ లాగ్స్ వెబ్‌సైట్‌కి ఎక్కించండి. పర్సెంటైల్ (మిగతా వారియర్లతో పోలిస్తే మీ స్థానం) రంగు చూసి మురిసిపోవడమో ఏడవడమో తర్వాత. మొదట లెక్కించాల్సింది బ్లడ్‌థర్‌స్ట్ ఎన్నిసార్లు పడింది. పోరాటం 120 సెకన్లు అయితే 20 పడాలి. 18 ఉంటే బాగా ఆడారు. 15 ఉంటే ఎక్కడ పోయాయో టైమ్‌లైన్‌లో వెతకండి: వర్ల్‌విండ్ ముందు నొక్కినందుకా, హీరోయిక్ స్ట్రైక్ రేజ్ తినేసినందుకా, పరిగెత్తుతూ ఉన్నందుకా. మూడింటికీ మందు వేరు వేరు.

రెండోది ఆఫ్ హ్యాండ్ మిస్ శాతం. స్కిల్ 305, హిట్ 6 ఉన్నవాడు హీరోయిక్ స్ట్రైక్ క్యూ అసలు వాడకపోతే అక్కడ 19 దగ్గర కనిపిస్తుంది. ఎప్పుడూ క్యూలో ఉంటే సున్నా దగ్గర. 6 అని ఉందంటే దాదాపు మూడింట రెండు వంతుల దెబ్బలకి క్యూ పట్టుబడిందన్నమాట, మొదటి నెలకి అది మంచి అంకె. ఒక్క పోరాటంలో దెబ్బలు కొన్నే కాబట్టి రాత్రంతా కలిపి చూడండి. తర్వాత ప్యారీ వరస చూడండి. అక్కడ సున్నా కాక మూడో నాలుగో ఉంటే, ట్యాంక్ బాస్‌ని తిప్పినప్పుడల్లా మీరు కదలడం ఆలస్యమవుతోంది. పింగ్ ఎక్కువున్నవాళ్లు బాస్ తిరిగాక కాదు, ట్యాంక్ కదలడం మొదలుపెట్టగానే కదలాలి.